జడ్జికి 51 చాలు, ఓటు హక్కు చట్టానికి 60 కావాలా?

గోదారి_గట్టు
మా అమ్మాయి ఎనిమిదో క్లాసు. స్కూల్లో అమెరికా సెనేట్ (ఎగువ సభ) మీద ప్రాజెక్టు ఇచ్చారు. నిన్న రాత్రి అన్నం తింటూ అడిగింది, "నాన్నా, సుప్రీంకోర్టు జడ్జిని జీవితాంతం కూర్చోబెట్టడానికి 51 ఓట్లు చాలట. ఓటు హక్కు చట్టానికి మాత్రం 60 ఎందుకు?" అని. నాకు జవాబు తట్టలేదు.

2020లో సిటిజన్‌షిప్ వచ్చాక మొదటిసారి ఓటేసినవాణ్ణి. ఇంటర్వ్యూకి ముందు ఆ వంద ప్రశ్నలూ బట్టీ పట్టాను. సెనేటర్లు ఎంతమంది అంటే వంద అని టకీమని చెప్పాను. ఈ అరవై సంగతి అందులో ఎక్కడా లేదు. 2022 జనవరిలో ఓటు హక్కుల బిల్లు సెనేట్‌లో ఆగిపోయిన రాత్రి టీవీ ముందే ఉన్నాను. దిగువ సభ పాస్ చేసింది. సెనేట్‌లో డెమొక్రాట్లు 50 మందీ బిల్లుకి అనుకూలమే, ఉపాధ్యక్షురాలి ఓటు కలిస్తే 51. అయినా ఆగిపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈ రూలు రాజ్యాంగంలో ఉందా? ఎవరు పెట్టారు? తెలిసినవాళ్ళు విడమరిచి చెప్పండి. పిల్ల శుక్రవారం క్లాసులో మాట్లాడాలి.

డల్లాస్_బావ
రాజ్యాంగంలో లేదు. సెనేట్ తన కోసం తాను రాసుకున్న రూలు. 22వ నంబరు.

లాపాయింటు
బావ చెప్పింది నిజమే. అమ్మాయికి చెప్పాలంటే ఇంకాస్త వెనక్కి వెళ్ళాలి.

మొదట్లో సెనేట్ రూల్స్‌లో చర్చ ఆపి ఓటుకి వెళ్ళడానికి వాడుకోగల నిబంధన ఒకటి ఉండేది. ఉపాధ్యక్షుడు ఆరన్ బర్ 1805లో పదవి దిగిపోతూ, దీన్ని ఎవరూ వాడట్లేదు, తీసేయండి అని సలహా ఇచ్చాడు. 1806లో తీసేశారు. అంటే మైనారిటీని కాపాడదామని ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టిన ఏర్పాటు కాదిది. ఇల్లు సర్దుతూ తలుపు గడియ ఊడదీసి పారేసినట్టు. ఆ తర్వాత కొన్నేళ్ళకి, మాట్లాడుతూ పోతే ఆపేవాడు లేడని సభ్యులు కనిపెట్టారు. దాన్నే ఫిలిబస్టర్ అంటారు.

1917లో వ్యాపార నౌకలకు ఆయుధాలు అమర్చే బిల్లుని కొద్దిమంది ఇలాగే మాట్లాడి మాట్లాడి చంపేశారు. దేశం మండిపడింది. అప్పుడు అధ్యక్షుడు విల్సన్ ఒత్తిడి మీద క్లోచర్ వచ్చింది, అంటే "చర్చ ఇక చాలు" అనే ఓటు. మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. 1975లో దాన్ని 60కి దించారు.

ఇక్కడ చాలామంది పొరబడతారు. బిల్లు పాస్ కావడానికి ఇవాళ్టికీ 51 చాలు. 60 కావాల్సింది చర్చ ఆపడానికి. వంటంతా అయిపోయింది, విస్తళ్ళు మాత్రం వెయ్యనివ్వరు.

ఇంకో సంగతి. సంధి ఒప్పందానికి, అధ్యక్షుడి వీటోని తోసిపుచ్చడానికి, అభిశంసనలో దోషి అని తేల్చడానికి మూడింట రెండొంతులు కావాలని రాజ్యాంగంలోనే ఉంది. ఎక్కువ మెజారిటీ ఎక్కడ కావాలో వాళ్ళకి తెలుసు, అక్కడ రాసుకున్నారు. మామూలు చట్టానికి రాయలేదు.

మిరపకాయ్_బజ్జి
అంటే నిజంగా నిలబడి గంటలు గంటలు మాట్లాడతారా? ఏం మాట్లాడతారు అంతసేపు?

సివిక్స్_మాష్టారు
ఏదైనా మాట్లాడొచ్చు. 1935లో లూసియానా సెనేటర్ హ్యూయీ లాంగ్ పదిహేను గంటలపైగా నిలబడి, మధ్యలో ఆయిస్టర్లు వేయించే విధానం కూడా చెప్పాడు.

మిరపకాయ్_బజ్జి
మా పెద్దత్తయ్యని నిలబెట్టి ఆవకాయ సంగతి అడిగితే రెండు రోజులు సభ ఆగిపోతుంది. మాగాయకి వచ్చేసరికి మూడో రోజు.

సివిక్స్_మాష్టారు
అత్తయ్యగారి ఆవకాయ వల్ల ఎవరి హక్కూ పోదమ్మా. ఇక్కడ పోయింది. ముప్ఫై ఏళ్ళుగా ఈ దేశంలో పిల్లలకి ఈ పాఠం చెబుతున్నాను, చెప్పిన ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.

1957లో నల్లజాతివారి ఓటు హక్కుకి సంబంధించిన పౌరహక్కుల బిల్లు వస్తే, సౌత్ కరోలినా సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ 24 గంటల 18 నిమిషాలు ఒక్కడే నిలబడి మాట్లాడాడు. రాష్ట్రాల ఎన్నికల చట్టాలన్నీ చదివాడు. అయినా బిల్లు పాస్ అయింది, కాకపోతే అప్పటికే దాని పళ్ళు పీకేశారు.

1964 చట్టం అసలు కథ. దక్షిణాది సెనేటర్లు వంతులు వేసుకుని అరవై రోజుల సభా సమయం తినేశారు. చివరి రాత్రి వెస్ట్ వర్జీనియా సెనేటర్ రాబర్ట్ బర్డ్ 14 గంటల 13 నిమిషాలు మాట్లాడాడు. జూన్ 10 పొద్దున ఓటింగు. అప్పటికి 67 కావాలి. పౌరహక్కుల బిల్లు మీద అంతకుముందు ఒక్కసారి కూడా క్లోచర్ గెలవలేదు.

కాలిఫోర్నియా సెనేటర్ క్లెయిర్ ఎంగిల్‌కి మెదడులో కణితి. ఆపరేషన్ అయింది, మాట పడిపోయింది. ఆయన్ని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. గుమాస్తా పేరు పిలిచాడు. నోరు తెరిచాడు, మాట రాలేదు. మెల్లగా చెయ్యెత్తి తన కన్ను చూపించాడు. ఇంగ్లీషులో కన్నుకీ ఆ సభలో "ఔను" అని చెప్పే మాటకీ పలుకు ఒకటే. 71-29తో చర్చ ముగిసింది. జూలై నెలాఖరుకి ఆయన చనిపోయాడు.

గోదారి_గట్టు
మాష్టారూ, ఇది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

న్యూజెర్సీ_నాని
ఇప్పుడు మాత్రం ఎవరూ నిలబడక్కర్లేదు, అదే నాకు కోపం. ఒక ఈమెయిల్ పెడితే చాలు, 60 లేనిదే కదలదు. 2025లో సెనేటర్ కోరీ బుకర్ 25 గంటల 5 నిమిషాలు మాట్లాడి థర్మండ్ రికార్డు దాటేశాడు, అదేమో ఏ బిల్లునీ ఆపడానికి కాదు. బిల్లులు ఆపేవాళ్ళు ఇంట్లో నిద్రపోతుంటారు.

డల్లాస్_బావ
అందరూ ఒకే వైపు లాగుతున్నారు కాబట్టి నేను రెండో వైపు చెబుతాను. తిట్టినా ఫర్వాలేదు.

60 లేకపోతే ప్రతి రెండేళ్ళకీ దేశం తలకిందులవుతుంది. వీళ్ళకి 51 వస్తే ఒక చట్టం, వాళ్ళకి 51 రాగానే రద్దు. 2025 ఏప్రిల్‌లో దిగువ సభ 220-208తో సేవ్ బిల్లు పాస్ చేసింది. ఓటరుగా నమోదు కావాలంటే పాస్‌పోర్టో, జనన ధ్రువపత్రమో, పౌరసత్వ పత్రమో చూపాలి. ఇక్కడ చాలామందికి అది నచ్చలేదని నాకు తెలుసు. సెనేట్‌లో దానికి అడ్డం నిలిచింది ఈ 60 కాదా? అదే ఏడాది 43 రోజులు ప్రభుత్వం మూతపడినప్పుడు ఫిలిబస్టర్ తీసేయమని అధ్యక్షుడే అడిగాడు. ఆయన సొంత పార్టీ సెనేట్ నాయకుడు థూన్ ఒప్పుకోలేదు. రేపు తామూ మైనారిటీలో కూర్చుంటామని వాళ్ళకి తెలుసు.

ఆ గోడ మీకు అడ్డంగా ఉన్నప్పుడు చెడ్డది, మీ ఇంటికి కాపలాగా ఉన్నప్పుడు మంచిదా?

పల్నాటి_పిల్ల
బావగారూ, గోడ అందరికీ ఒకే ఎత్తులో ఉంటే మీతో గొడవ లేదు. గోదారి గారి పాప అడిగింది అదే కదా. జడ్జిల దగ్గర గోడ పడగొట్టేశారు, చట్టాల దగ్గర ఉంచారు. ఆ జడ్జిలు చట్టాన్ని కొట్టేస్తే, బాగు చేయడానికి మళ్ళీ ఆ గోడే ఎక్కాలి.

1965 ఓటు హక్కుల చట్టమే తీసుకోండి. అలబామాలో సెల్మా వంతెన మీద మార్చిలో, ఓటు హక్కు కోసం నడుస్తున్న జనాన్ని లాఠీలతో కొట్టారు, ఆగస్టు 6న అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టాడు. అందులో అసలు బలం ఐదో సెక్షన్. అలబామా, మిసిసిపీ లాంటి రాష్ట్రాలు ఎన్నికల రూల్ ఏది మార్చాలన్నా ముందు కేంద్రం అనుమతి తీసుకోవాలి. ఆ చట్టాన్ని 2006లో ఇంకో 25 ఏళ్ళు పొడిగించినప్పుడు సెనేట్‌లో ఓట్లు ఎన్నో తెలుసా? 98-0. బుష్ సంతకం పెట్టాడు. ఒక్కరు కూడా వద్దనలేదు.

2013 జూన్ 25న షెల్బీ కౌంటీ కేసులో సుప్రీంకోర్టు 5-4తో, ఏ రాష్ట్రాలు అనుమతి అడగాలో చెప్పే నాలుగో సెక్షన్ సూత్రాన్ని కొట్టేసింది. దాంతో ఐదో సెక్షన్ ఉన్నా లేనట్టే. టెక్సస్ అదే రోజు తన గుర్తింపు కార్డు చట్టం అమలు చేస్తామని ప్రకటించింది. తడవట్లేదు కదా అని వానలో గొడుగు విసిరేసినట్టుందని జస్టిస్ గిన్స్‌బర్గ్ అసమ్మతి తీర్పులో రాశారు.

98 మంది కట్టినదాన్ని ఐదుగురు విప్పారు. మళ్ళీ కట్టడానికి 51 మంది ముందుకొస్తే చాలదన్నారు.

డల్లాస్_బావ
కోర్టు చట్టమంతా కొట్టేయలేదు కదా. ఆ సూత్రం 1960లు, 70ల లెక్కల మీద ఉంది, ఇప్పటి పరిస్థితులకి తగ్గట్టు కొత్తది రాయండి అంది. నలభై ఏళ్ళ నాటి లెక్కతో కొన్ని రాష్ట్రాలనే వేలెత్తి చూపడం న్యాయమా?

లాపాయింటు
రాయమని చెప్పిన మాట నిజం. రాశారు కూడా. పౌరహక్కుల నాయకుడు జాన్ లూయిస్ పేరుతో. 2022 జనవరి 19న దానికి క్లోచర్ దొరకలేదు. ఈ ఒక్క బిల్లుకి రూలు మార్చే ప్రయత్నం కూడా అదే రాత్రి 48-52తో పోయింది, డెమొక్రాట్ సెనేటర్లు మాంచిన్, సినెమా (Sinema) రూలు మార్చొద్దనే వైపు నిలబడ్డారు. మీరన్న "కొత్తది రాయండి"కి దారి ఆ 60 దగ్గరే ఆగింది బావా.

ఒరుగల్లు_కోట
ఓటుకి గుర్తింపు కార్డు అడిగితే తప్పేంటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మన ఊళ్ళో అందరం కార్డు చూపించే ఓటేస్తాం కదా.

పల్నాటి_పిల్ల
మన ఊళ్ళో కార్డు ప్రభుత్వమే ఇస్తుంది, ఉచితంగా. జాబితాలో పేరు చేర్చడానికి మనిషి ఇంటికొస్తాడు. ఇక్కడ జాతీయ గుర్తింపు కార్డే లేదు, ఏది చెల్లుతుందో రాష్ట్రం ఇష్టం. టెక్సస్ 2011 చట్టంలో తుపాకీ లైసెన్సు చెల్లుతుంది, యూనివర్సిటీ విద్యార్థి కార్డు చెల్లదు.

నా సంగతి చెబుతాను. సిటిజన్ అయిన రెండేళ్ళకి మా కౌంటీ నుంచి ఉత్తరం వచ్చింది. మీరు పౌరులు కారని మా రికార్డుల్లో ఉంది, 30 రోజుల్లో రుజువు చూపకపోతే పేరు తీసేస్తాం అని. నేను గ్రీన్ కార్డు మీద ఉన్నప్పుడు తీసుకున్న డ్రైవింగ్ లైసెన్సు వివరాలు పట్టుకుని చూశారు. దానికి తోడు ఇంటిపేరు లైసెన్సులో కలిపి, సర్టిఫికెట్లో విడగొట్టి ఉంది. మన పేర్ల పొడుగు మీకు తెలుసు కదా. ఒక రోజు సెలవు పెట్టి, ఫైలు చంకన పెట్టుకుని వెళ్ళాను. కౌంటర్లో అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, పది నిమిషాల్లో అయిపోయింది. కానీ ఆ పది నిమిషాలూ నా చేతులు వణికాయి. నాకు ఇంగ్లీషు వచ్చు, కారుంది, సెలవు దొరికింది. మా అత్తగారికి ఆ ఉత్తరం వచ్చి ఉంటే చెత్తలో పడేసేవారు.

ఒరుగల్లు_కోట
అక్కా, ఇలా జరుగుతుందని నాకు తెలియదు. కార్డు విషయంలో నా మాట పూర్తిగా మార్చుకోను, కానీ ఉత్తరం సంగతి మాత్రం అన్యాయమే.

న్యూజెర్సీ_నాని
టెక్సస్‌లో 2019 జనవరిలో ఇదే పని పెద్దెత్తున చేశారు. దాదాపు 95,000 మంది పౌరులు కారేమో అని జాబితా తీశారు. చూస్తే వాళ్ళలో చాలామంది తర్వాత పౌరులైనవాళ్ళే. కేసులు పడ్డాయి, ఏప్రిల్‌కి వెనక్కి తీసుకున్నారు. షెల్బీ తీర్పుకి ముందైతే ఇలాంటి మార్పుకి ముందే అనుమతి అడగాల్సి వచ్చేది.

కరీంనగర్_కుర్రోడు
నాకు ఓటే లేదు, అయినా రాస్తున్నా. గ్రీన్ కార్డు క్యూలో నా చోటు తేల్చే ప్రయారిటీ తేదీ 2013. మా గ్రీన్ కార్డుల సంగతి కూడా ఈ సెనేట్ రూల్సే తేల్చాయి.

ఉద్యోగ గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి ఏడు శాతం పరిమితి తీసేసే బిల్లు 2019 జూలైలో దిగువ సభలో 365-65తో పాస్ అయింది. రెండు పార్టీలూ కలిసి. ఆ రోజు అపార్ట్‌మెంట్‌లో మిఠాయిలు పంచుకున్నాం. ఇక సెనేట్‌లో ఏకగ్రీవ సమ్మతి అని ఒక పద్ధతి. ఎవరూ అడ్డు చెప్పకపోతే చర్చ లేకుండా పాస్. ఒక్కరు లేచి "ఐ అబ్జెక్ట్" అంటే అయిపోయింది. ఒకసారి ఒకరు, సర్దిచెప్పగానే ఇంకొకరు. అక్టోబరులో సెనేటర్ డర్బిన్ అబ్జెక్ట్ అన్నప్పుడు నేను ఆఫీసు పార్కింగ్‌లో కారులో కూర్చుని లైవ్ చూస్తున్నా. చిన్నప్పుడే కాగితాల్లేకుండా ఇక్కడికి వచ్చినవాళ్ళని ఉండనిచ్చేందుకు అదే డర్బిన్ పెట్టిన డ్రీమ్ యాక్ట్‌కి 2010 డిసెంబరులో 55 మంది అనుకూలంగా, 41 మంది వ్యతిరేకంగా ఓటేశారు. 55 ఉన్నా 60 లేక పోయింది. ఆ రూలు దెబ్బ ఆయనకీ తగిలింది.

2020 డిసెంబరు 2న ఎవరూ లేవలేదు. పాస్. కానీ అప్పటికి బిల్లు మారిపోయింది, దిగువ సభ పాస్ చేసిందీ ఇదీ ఒకటి కావు. జనవరి 3న ఆ కాంగ్రెస్ గడువు ముగిసింది, బిల్లు కూడా దాంతోనే. మా పెద్దోడికి అప్పుడు తొమ్మిదేళ్ళు. 21 దాటితే నా ఫైల్లోంచి జారిపోతాడు. ఆ లెక్క రోజూ వేసుకుంటా.

అట్లాంటా_అక్క
తమ్ముడూ, మా ఇంట్లోనూ అదే లెక్క. మా పాపకి 18.

మిరపకాయ్_బజ్జి
ఒక డౌటు. 2025 జూలైలో ఆ పెద్ద పన్నుల బిల్లు సెనేట్‌లో 51-50తో పాస్ అయింది కదా? అప్పుడు 60 ఎక్కడికి పోయింది?

లాపాయింటు
మంచి ప్రశ్న. 1974 బడ్జెట్ చట్టంలో రికన్సిలియేషన్ అని ఒక దారి పెట్టారు. పన్నులు, ఖర్చులు, అప్పుల బిల్లుకి చర్చా సమయం 20 గంటలే, కాబట్టి ఫిలిబస్టర్ చెల్లదు. బడ్జెట్‌తో సంబంధం లేనిది అందులో దూర్చకుండా బర్డ్ రూల్ ఉంది. మాష్టారు చెప్పిన 14 గంటల బర్డే ఆయన. ఆ రాత్రి మాట్లాడినందుకు బాధపడుతున్నానని తర్వాత చెప్పుకున్నాడు.

కాబట్టి పన్ను తగ్గించడానికి 51, జడ్జికి 51. ఓటు హక్కుకి, గ్రీన్ కార్డుకి 60.

గోదారి_గట్టు
ఇంతకీ జడ్జిల దగ్గర 60 ఎప్పుడు పోయింది? ఎవరు తీశారు?

సివిక్స్_మాష్టారు
ఇద్దరూ తీశారు. ఒకరి మీదే నేరం మోపితే అమ్మాయికి తప్పు చెప్పినట్టే.

2013లో వాషింగ్టన్ డీసీ అప్పీలు కోర్టుకి ఒబామా పంపిన ముగ్గురిని రిపబ్లికన్లు ఆపేశారు. నవంబరు 21న డెమొక్రాట్ల సెనేట్ నాయకుడు హ్యారీ రీడ్ 52-48తో రూలు అన్వయమే మార్చేసి, సుప్రీంకోర్టు తప్ప మిగతా నియామకాలన్నిటికీ మామూలు మెజారిటీ చాలన్నాడు. మీరు అనుకున్నదానికంటే ముందే చింతిస్తారని రిపబ్లికన్ల నాయకుడు మెకానెల్ అప్పుడే హెచ్చరించాడు. 2017 ఏప్రిల్ 6న జడ్జి గోర్సచ్ కోసం ఆయనే సుప్రీంకోర్టుకీ అదే చేశాడు. ఆ తర్వాత వచ్చిన జడ్జిల ఓట్లు చూడండి, కావనా 50-48. బారెట్ 52-48. జాక్సన్ 53-47. ఒకప్పుడు స్కాలియాకి 98-0, గిన్స్‌బర్గ్‌కి 96-3 వచ్చాయి. ఇద్దరి భావాలూ ఉప్పూ నిప్పూ, అయినా రెండు పార్టీలూ ఓటేశాయి.

అట్లాంటా_అక్క
గార్లండ్ సంగతి వదిలేశారు మాష్టారూ. 2016 ఫిబ్రవరిలో స్కాలియా పోతే, ఆయన స్థానంలో ఒబామా గార్లండ్ పేరు పంపాడు. రిపబ్లికన్లు ఎన్నికల ఏడాది, జనం తేల్చాలి అని గార్లండ్‌కి కనీసం విచారణ కూడా జరపలేదు. 293 రోజులు ఆ మనిషి అలా ఎదురుచూశాడు. 2020లో గిన్స్‌బర్గ్ సెప్టెంబరు 18న పోతే, ఎన్నికకి ఎనిమిది రోజుల ముందు బారెట్‌ని జడ్జిగా ఖాయం చేసేశారు. అప్పుడు జనం గుర్తుకు రాలేదా? ఇది రూల్ తప్పు కాదు, మనుషుల తప్పు.

డల్లాస్_బావ
అక్కా, ఈ విషయంలో మీతో వాదించను. గార్లండ్‌కి విచారణ జరిపి ఓడించి ఉండాల్సింది. తలుపే తీయకపోవడం నాకూ నచ్చలేదు.

ఒరుగల్లు_కోట
ఆ డీసీ కోర్టులో మన తెలుగాయన శ్రీనివాసన్ ఉన్నారు కదా?

లాపాయింటు
తెలుగువారు కాదు. పుట్టింది చండీగఢ్‌లో, నాన్నగారిది తమిళనాడు తిరునెల్వేలి వైపు. కానీ ఈ చర్చకి ఆయన భలే పనికొస్తారు. 2013 మేలో ఆయనకి 97-0. అదే కోర్టు, అదే అధ్యక్షుడు, ఆరు నెలల తర్వాత ముగ్గురి దగ్గర అంత రాద్ధాంతం.

జిల్లా కోర్టు జడ్జిల దగ్గర ఇంకో తాళం ఉంది, బ్లూ స్లిప్. ఆ రాష్ట్ర సెనేటర్లిద్దరికీ నీలం కాగితం పంపుతారు. తిప్పి పంపకపోతే కమిటీ ముందుకు వెళ్ళదు. అప్పీలు కోర్టులకి 2018 నుంచి దాన్ని పట్టించుకోవడం మానేశారు, జిల్లా కోర్టులకి ఇంకా నడుస్తోంది. అది కూడా చట్టం కాదు, ఆనవాయితీ.

పల్నాటి_పిల్ల
మనకెందుకులే ఈ గొడవ అనుకునేవాళ్ళ కోసం ఒక్క మాట. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు పౌరులు కాలేరని ఇదే సుప్రీంకోర్టు చెప్పింది. 1946 దాకా అదే పరిస్థితి. 1965లో ఆగస్టులో ఓటు హక్కుల చట్టం, అక్టోబరు 3న కొత్త వలస చట్టం. రెండిటి మీదా అదే జాన్సన్ సంతకం. సెల్మాలో దెబ్బలు తిన్నవాళ్ళ పోరాటం లేకపోతే ఆ రెండో చట్టం వచ్చేదని నేను అనుకోను. చికాగో ఉన్న కుక్ కౌంటీలో హిందీ బ్యాలెట్టు, న్యూయార్క్ క్వీన్స్‌లో బెంగాలీ బ్యాలెట్టు వచ్చింది కూడా ఆ ఓటు హక్కుల చట్టానికి 1975లో చేర్చిన భాషల సెక్షన్ వల్లే.

కరీంనగర్_కుర్రోడు
ఇది నాకు తెలియదు అక్కా. మా ఇంట్లో అందరికీ చదివి వినిపించిన.

డల్లాస్_బావ
సరే, నేను ఎక్కడ నిలబడ్డానో చెబుతా. 60 పూర్తిగా తీసేయడానికి ఒప్పుకోను. కానీ ఆపేవాడు నిలబడి మాట్లాడాలి, ఆ భారం వాడిదే కావాలి. 41 మంది సభలో ఉండి ఆపమనండి. ఆపేవాళ్ళకి ఒళ్ళు నొప్పి పుడితే, నిజంగా గుండెల్లో ఉన్నదానికే ఆపుతారు.

పల్నాటి_పిల్ల
ఓటు హక్కు బిల్లు వరకు నేను 51 దగ్గరే ఉంటాను. మిగతావాటికి మీ నిలబడే పద్ధతి నాకు సమ్మతమే.

గోదారి_గట్టు
శుక్రవారం అయింది. పాపకి మొత్తం చదివి వినిపించాను, ఆవకాయ దగ్గర పడీ పడీ నవ్వింది. క్లాసులో అయిదు నిమిషాలే ఇచ్చారు. 1806, 1917, 1975 ఒక చార్టు మీద రాసుకుంది, 98-0 పక్కన 5-4 ఎర్ర స్కెచ్‌తో. చివర్లో మాట్లాడకుండా చెయ్యెత్తి కన్ను చూపించి, ఎంగిల్ పేరు చెప్పి కూర్చుందట. పిల్లలు కాసేపు నిశ్శబ్దంగా ఉండిపోయారని టీచర్ రాసింది.

సివిక్స్_మాష్టారు
ఆ చార్టు ఫోటో పెట్టు నాయనా. సోమవారం మా క్లాసులో చూపిస్తాను.

అట్లాంటా_అక్క
పల్నాటి పిల్లా, ఆ ఉత్తరం వచ్చినప్పుడు నువ్వు ఏ ఏ కాగితాలు పట్టుకెళ్ళావో వరసగా రాసి పెట్టు. మా ఆయనకి నిన్ననే అలాంటిది వచ్చింది.